మేకల మీద ఎవరికీ అనుమానం రాలేదు

డ్యూటీ లేదు. బట్టలు ఉతికి ఆరేసి రాజధాని వలెట్టాకి బస్సెక్కాను. మాల్టాకి వచ్చినప్పటి నుంచి అనుకుంటున్న పురావస్తు మ్యూజియం ఇవాళ్టికి కుదిరింది. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది నిద్రపోతున్న స్త్రీ బొమ్మ. వేల ఏళ్ళనాటి ఆ మట్టిబొమ్మ ముందు చాలాసేపే నిలబడ్డా. కానీ అక్కడ నా ధ్యాసంతా థెమిస్టోక్లీస్ జమిట్ మీదే. ఇక్కడి రాతియుగపు టార్షిన్ గుడులను తవ్వించిన ఈయన అసలు డాక్టరు.

బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఇక్కడి సైనికులకు ఒక జ్వరం వచ్చేది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టేది. ఒళ్ళంతా చెమటలు, కీళ్ళ నొప్పులు, నెలల తరబడి మంచం. 1887లో డేవిడ్ బ్రూస్ అనే ఆర్మీ డాక్టరు చనిపోయిన సైనికుల ప్లీహంలో ఆ క్రిమిని పట్టుకున్నాడు. అది మనిషిలోకి ఎలా వస్తోందో మాత్రం ఇంకో పద్దెనిమిదేళ్ళ దాకా తేలలేదు. దుమ్మన్నారు, మురుగన్నారు, దోమలన్నారు. మేకలు శుభ్రంగా మేస్తూ, పాలిస్తూ, ఏ జబ్బూ లేనట్టే కనిపించేవి మరి!

1905లో జమిట్ మేకల రక్తం పరీక్షిస్తే, జబ్బు ఛాయలే లేని వాటిలో ఇన్ఫెక్షన్ బయటపడింది. మరుసటి ఏడాది సైన్యంలో మేకపాలు ఆపేశారు. కేసులు ఒక్కసారిగా పడిపోయాయి. క్రిమికి బ్రూస్ పేరు మీద బ్రూసెల్లా అని పెట్టారు. నన్నడిగితే కష్టమైన సగం జమిట్‌దే.

ఊరి జనానికి మాత్రం ఆ జ్వరం తప్పలేదు. సైనికులకైతే ఆర్డరు వేస్తే సరిపోయింది. ఊళ్ళో వాళ్ళకి వేరే పాలెక్కడివి? మేకల్ని వీధిలోకి తోలుకొచ్చి గుమ్మం ముందే పితికి పోసేవాళ్ళు. మా కేర్ హోమ్‌లో ఒక పెద్దావిడ, వాళ్ళమ్మ మేకని మేడమెట్లు ఎక్కించి మరీ పాలు పితికించుకునేదని చెబుతుంది. కళ్ళముందు పితికిన పాలలో నీళ్ళు కలవవని ధీమా. అలా నమ్మినవాళ్ళను తప్పు పట్టలేను. పాశ్చరైజ్ చేసిన పాలు 1938లో గానీ రాలేదు. 1995లో కూడా పచ్చిపాల జున్నుతో ఆ జ్వరం మళ్ళీ చాలామందికి వచ్చింది.

రాత్రి అమ్మకి ఫోన్లో ఇదంతా చెప్పా. "పాలు కాచకుండా ఎవరైనా తాగుతారా?" అంది. నిజమే, పొంగు వచ్చేదాకా కాచే మన అలవాటు ఎన్ని జ్వరాలు ఆపిందో! అయినా మేకలకి, గొర్రెలకి పురుడు పోసేవాళ్ళకీ, నెలలు నిండకుండా ఈసుకుపోయిన పిల్లల్ని చేత్తో తీసేవాళ్ళకీ పాలు కాచుకున్నంత మాత్రాన సరిపోదు. ఆ తడిలో ఉండే క్రిమి చేతి మీది గాట్లలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. వాళ్ళ చేతులకి గ్లవ్స్ ఉండాలి. మా మేనమామ మందలో ఎవరూ వేసుకోగా నేను చూడలేదు. ఆదివారం ఆయనకే ఫోన్ చేస్తా.