గీత దాటిన రావి ఆకు

2023 జులైలో ఒకనాడు తరగతిలో అటూ ఇటూ నడుస్తూ పాఠం చెబుతుండగా నా కుడికాలి చెప్పు ఊడిపోయింది. ఆ సంగతి పిల్లలు చెప్పేవరకు నాకు తెలియలేదు. మరునాటికి మెట్లు ఎక్కలేకపోయాను. దగ్గరలోని క్లినిక్కులో నీరసమని చెప్పి బి-కాంప్లెక్స్ సూదిమందు ఇచ్చి పంపించారు. అలా పోయిన రెండు రోజులను తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. అరికాళ్ళలో మొదలైన తిమ్మిరి, బలహీనత పైకి పాకుతూ ఉంటే ఒక్క పూట కూడా ఆగకుండా నరాల వైద్యుల దగ్గరకు వెళ్ళాలని ఇప్పుడు కనిపించినవారికల్లా చెబుతున్నాను.

విశాఖపట్నంలో చేరిన ఆసుపత్రిలో డాక్టరుగారు నా మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి చూశారు. కాలు కదలలేదు. నరాల పరీక్ష చేశాక దీనిని గిలియన్-బారే సిండ్రోమ్ అంటారని చెప్పారు. రెండు వారాల ముందు నాకు విరేచనాలు పట్టుకుని మూడు రోజుల్లో తగ్గిపోయాయి. అటువంటి ఇన్ఫెక్షన్‌తో పోరాడిన రోగనిరోధక శక్తి ఒక్కొక్కప్పుడు పొరబడి, నరాల చుట్టూ ఉండే మైలిన్ అనే పొరనే దెబ్బతీస్తుందట. నా బరువు 60 కిలోలు కనుక రోజుకు 24 గ్రాముల చొప్పున అయిదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ అనే ప్రతిరక్షకాల మందు ఎక్కించారు. ఊపిరి కండరాలు బలహీనపడుతున్నాయేమో తెలుసుకోవడానికి పూటపూటకీ ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేవారు. మూడో రోజు సాయంత్రం నేను పదకొండు దగ్గర ఆగిపోయినప్పుడు, మంచం పక్కన నిలబడ్డ మా ఆయన పన్నెండు అని పెదవులు కదిపారు. వెంటిలేటర్ అవసరం పడకుండానే గండం గడిచింది.

ఆ తర్వాత ఫిజియోథెరపీ కోసం వారాల తరబడి అక్కడే ఉండవలసి వచ్చింది. నా మంచానికి ఎదురుగా పెచ్చులూడిన గోడ ఒకటి ఉండేది. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించాడు. పిత్తాశయం ఆపరేషన్ అయినవారిలో, కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది, ఇటుక గోడ మాత్రమే కనిపించిన 23 మంది కంటే త్వరగా ఇంటికి వెళ్ళారని, బలమైన నొప్పిమందులు కూడా తక్కువగా వాడారని అందులో తేల్చాడు. ఇది చదివింది తరువాతే అయినా, ఆ గోడను రోజంతా చూసిన నాకు వింతగా అనిపించలేదు.

పిల్లల వార్డు నుంచి ఫిజియోథెరపీ గదికి వెళ్ళే వరండా గోడ మీద పెద్ద రావిచెట్టు వేయించాలని ఆసుపత్రివారు తలపెట్టారు. డ్రాయింగ్ మాస్టారు ఒకరు, కొందరు కాలేజీ విద్యార్థులు వచ్చారు. ముందు పాత రంగు గీకి, లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టారు. గోడ గీకిన దుమ్ములోని బూజు రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లల ఊపిరితిత్తులకు ప్రమాదం కనుక, ఆ పని జరిగినన్నాళ్ళూ వరండాను ప్లాస్టిక్ తెరలతో మూసి, గోడను తడిపి మరీ గీకారు. ఆ పిల్లలకు గోడ దగ్గరకు వచ్చే వీలు లేదు. వారి కోసం పలకలంత ప్లైవుడ్ ముక్కల మీద పక్షులను గీసి మంచాల దగ్గరకే పంపించి, రంగులు వేశాక వాటిని కొమ్మల మీద బిగించారు. నీళ్ళలో కలిసే ఎమల్షన్ రంగులే వాడటంతో ఘాటు వాసన లేదు. గళ్ళు కొట్టి చెట్టును గోడకెక్కించిన మాస్టారు, ప్రతి ఆకులోనూ రంగు నంబరు పెన్సిలుతో రాశారు.

పిల్లలకు కింది వరుస, చక్రాల కుర్చీలో ఉన్నవారికి నడుమ భాగం, నిలబడగలిగినవారికి పైకొమ్మలు. నాకు నడిమి ఆకులు దక్కాయి. బ్రష్షు జారిపోతుంటే దాని పిడికి గుడ్డ చుట్టి ఇచ్చారు. రావి ఆకు వెడల్పు భాగంలో రంగు నింపడం తేలికే, కష్టమంతా ఆ సన్నని తోక దగ్గర ఉంది. బొటనవేలు, చూపుడువేలు కలిసి బ్రష్షును పట్టుకుని కిందికి లాగాలి, మణికట్టు వణకకూడదు. మొదటి రోజు గంటసేపు కూర్చుని ఒక్క ఆకు పూర్తి చేశాను, దాని తోక అంగుళం మేర గీత దాటింది. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించుకోవడానికి వచ్చే తలసీమియా పిల్లవాడు, రక్తం ఎక్కించే సన్నని గొట్టం (కాన్యులా) ఉన్న చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, నా పక్కనే నిలబడి ఉన్నాడు.

“టీచరమ్మా, నీ ఆకు గీత దాటీసింది” అన్నాడు.

“నా చెయ్యి వణికిందిరా బాబూ” అన్నాను.

వాడు కాసేపు చూసి, రెండో చేత్తో ఆ ఒలికిన పచ్చరంగుకు రెండు నల్లని కళ్ళూ, వరుసగా కాళ్ళూ పెట్టి గొంగళిపురుగును చేశాడు.

ఫిజియోథెరపీలో పిడికిలి బిగించడం, విప్పడం ఇరవైసార్లు లెక్క చూసుకుని ఆపేసేదాన్ని. ఇక్కడ లెక్క నాది కాదు, నేను ఆకు నింపితే తప్ప నా పక్కవారు కొమ్మ వేయలేరు. ఒకరు నా చేతి పని కోసం ఎదురుచూస్తున్నారన్న సంగతి నన్ను రోజూ ఆ కుర్చీలోకి ఎక్కించింది. రంగు వల్లనే నరాలు బాగుపడ్డాయని నేను అనను. పైపొరతోపాటు లోపలి నరపు తీగ కూడా దెబ్బతింటే అది మళ్ళీ పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరే, దానికి తొందర తెలియదు. ఆ నెలల తరబడి ఎదురుచూపును నేను భరించగలిగింది మాత్రం ఆ గోడ దగ్గరే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను సీతంపేట కొండల్లో పనిచేశాను. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే సవర గిరిజనులు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో మనుషులను, చెట్లను, జంతువులను గీయించడం అక్కడ చూశాను. అది వారికి దైవకార్యం, దానిని మా పనితో పోల్చడం తగదు. అయినా రోగి ఉన్న ఇంటి గోడను ఖాళీగా వదలకూడదన్న ఎరుక వారికి ఎప్పటినుంచో ఉందని బ్రష్షు పట్టుకున్న ప్రతిసారీ అనుకునేదాన్ని.

డిసెంబరులో చేతికర్రతో ఇంటికి వచ్చాను, జూన్‌లో మళ్ళీ బడికి వెళ్ళాను. బోర్డు మీద రాయగలుగుతున్నాను కానీ పీరియడ్ మొత్తం నిలబడలేను, రాత్రిళ్ళు కాలివేళ్ళు ఇంకా తిమ్మిరెక్కుతాయి. మొన్న పరీక్షకు వెళ్ళినప్పుడు వరండాలో ఆగాను. కుర్చీలో కూర్చున్న రోజుల్లో నా కళ్ళకు ఎదురుగా ఉండిన గొంగళిపురుగు ఇప్పుడు ఛాతీ దగ్గరకు వస్తోంది. చేతికర్ర గోడకు ఆనించి, కొంచెం వంగి దాని కాళ్ళు లెక్కపెట్టాను. పద్నాలుగు ఉన్నాయి.