చెన్నైలో చూసిన సరుకు, కోవూరులో మా అమ్మ ఇల్లు

గత నెలలో చెన్నై నందంబాక్కంలోని ట్రేడ్ సెంటర్‌లో ఇంటి ఆటోమేషన్, ఆడియో పరికరాల ప్రదర్శన చూసి వచ్చాను. నేను నెల్లూరులో ఇరవై రెండేళ్ళుగా ఇళ్ళ వైరింగు పనులు చేయిస్తున్నాను. వేదాయపాళెంలోనో, మాగుంట లేఅవుట్‌లోనో ఇల్లు కట్టుకుంటున్నవారు ఈమధ్య స్లాబు పడకముందే పిలిచి, ఫోనులోంచి లైట్లూ ఫ్యాన్లూ నడిచే ఏర్పాటు కావాలనీ, హాల్లో సినిమా థియేటర్ లాంటి సౌండు రావాలనీ అడుగుతున్నారు. కేటలాగు చూసి వారికి సలహా చెప్పడం నా వల్ల కాదు. వస్తువును చేతిలోకి తీసుకుని, వెనక ఉన్న టెర్మినళ్ళు చూసి, నాలుగుసార్లు వేసి ఆపిన తరువాతే దాని గురించి మాట్లాడగలను. అందుకే పనులన్నీ నా దగ్గరి సీనియర్ కుర్రాడికి అప్పగించి రెండు రోజులకని పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

ప్రతి స్టాలులోనూ నేను అడిగింది ఒక్కటే. నెట్టు లేనప్పుడు, కరెంటు పోయి వచ్చినప్పుడు, రేపు ఆ కంపెనీ తన సర్వరును మూసేసినప్పుడు కూడా గోడమీది స్విచ్చు నొక్కితే లైటు వెలుగుతుందా అని. ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. మిగ్‌జాం తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు రోజుల్లో నెల్లూరు వానకు, గాలికి అల్లాడిపోయింది. నేను పని చేసిన ఒక ఇంట్లో వృద్ధ దంపతులున్నారు. వారి పడకగదిలో మంచం పక్కన వైరు లేని బటన్లు పెట్టాను. ఆ బటన్లు నొక్కితే ఆదేశం కంపెనీ సర్వరుకు వెళ్ళి తిరిగి రావాలి. తుఫాను రోజున ఇన్వర్టరు పనిచేసింది, బల్బులకు కరెంటు ఉంది, కాని నెట్టు లేదు. ఆ రాత్రంతా వారు గదిలో లైటు ఆర్పలేక, మళ్ళీ వేసుకోలేక ఇబ్బంది పడ్డారు. అక్కడ గోడకు స్విచ్చు అవసరం లేదని అమ్మినవారు చెప్పిన మాటను నమ్మి స్విచ్చు పెట్టకపోవడం నా తప్పు. ఆ వారంలోనే గోడ చెక్కించి స్విచ్చు పెట్టించాను గాని, ఆ పెద్దాయన ఫోనులో మాట్లాడిన తీరు నాకింకా గుర్తుంది.

నాలుగైదేళ్ళ కిందటితో పోలిస్తే ఈసారి నా ప్రశ్నకు మంచి జవాబులే దొరికాయి. అందుకు ముఖ్య కారణం మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం. అమెజాన్, యాపిల్, గూగుల్ సంస్థలు జిగ్బీ అనే వైర్‌లెస్ పరికరాల కంపెనీల కూటమితో కలిసి 2019 డిసెంబరులో ప్రకటించిన ఈ ప్రయత్నం 2022 అక్టోబరులో మొదటి రూపం సంతరించుకుంది. అంతకుముందు ఒక కంపెనీ బల్బు మరో కంపెనీ యాప్‌లో కనిపించేది కాదు. ఒకే ఇంట్లో నాలుగు యాప్‌లు, నాలుగు పాస్‌వర్డులు ఉండేవి, అవి మరిచిపోయినప్పుడల్లా నాకు ఫోను వచ్చేది. మ్యాటర్ ముద్ర ఉన్న వస్తువుకు ఒక క్యూఆర్ కోడ్, దానితోపాటు పదకొండు అంకెల సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యతో దానిని ఈ ప్రమాణాన్ని అనుసరించే ఏ యాప్‌లోనైనా చేర్చుకోవచ్చు. అంతకంటే నాకు నచ్చిన సంగతి, ఆదేశం ఇంట్లోని రౌటరుకూ, పరికరాలన్నిటినీ కలిపే హబ్బుకూ, స్విచ్చుకూ మధ్యనే తిరగడం. ఒక స్టాలులో ఇరవై ఐదేళ్ళ అబ్బాయి నేనడగకుండానే రౌటరుకు బయటినుంచి వచ్చే తీగ పీకేసి, ఫోనులోంచి లైటు వేసి, ఆర్పి, మళ్ళీ వేసి చూపించాడు. అయితే ముద్ర ఉన్నంత మాత్రాన అన్ని సౌకర్యాలూ అన్ని యాప్‌లలో వస్తాయని అనుకోకూడదు. వేయడం, ఆర్పడం, వెలుగు తగ్గించడం అంతటా వస్తాయి. కరెంటు ఎంత కాలిందో చూపే లెక్క వంటివి కొన్నిసార్లు ఆ కంపెనీ సొంత యాప్‌లోనే ఉండిపోతాయి.

కరెంటు పోయి వచ్చినప్పటి సంగతి ఎవరూ తమంతట తాము చెప్పరు, అడిగి తెలుసుకోవాలి. చాలా స్మార్ట్ బల్బులు కరెంటు తిరిగి రాగానే నిండు వెలుగుతో వెలుగుతాయి. అర్ధరాత్రి రెండు గంటలకు కరెంటు వస్తే చంటిపిల్లలున్న గదిలో అది ఎంత బాధో అనుభవించినవారికే తెలుసు. యాప్‌లో 'పోయేముందు ఎలా ఉందో అలాగే ఉండాలి' అనే అమరిక ఉందో లేదో చూడకుండా కొనవద్దని నేను అందరికీ చెబుతున్నాను. బల్బుకు బదులు స్విచ్చు వెనక పెట్టే చిన్న మాడ్యూలు మేలని నా అభిప్రాయం. మామూలు బల్బు, మామూలు స్విచ్చు అలాగే ఉంటాయి. వాటి మధ్య మాడ్యూలు కూర్చుంటుంది. చేత్తో నొక్కినా, ఫోనులో నొక్కినా పనిచేస్తుంది.

ఆ మాడ్యూలుకు న్యూట్రల్ వైరు, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరు, కావాలి. మన ఇళ్ళలో చాలా బోర్డుల్లో ఒక ఐదు ఆంపియర్ల సాకెట్ పెట్టడం ఆనవాయితీ కాబట్టి అక్కడికి న్యూట్రల్ ఎలాగూ వచ్చి ఉంటుంది. ఒకే లైటును రెండు చోట్లనుంచి నడపడానికి మెట్ల దగ్గర, మంచం పక్కన పెట్టే టూవే బోర్డుల్లో మాత్రం ఉండదు. న్యూట్రల్ అక్కర్లేదని చెప్పే మాడ్యూళ్ళు కూడా ప్రదర్శనలో కనిపించాయి. అవి తమకు కావలసిన కొద్దిపాటి కరెంటును బల్బు గుండా లాక్కుంటాయి కాబట్టి, తక్కువ వాట్ల ఎల్‌ఈడీ బల్బు స్విచ్చు ఆపినా మిణుకుమంటూ ఉంటుంది. కొత్త ఇల్లు కట్టేవారు ప్రతి బోర్డుకూ న్యూట్రల్ లాగించుకుంటే ఈ తలనొప్పి ఉండదు. వైరు ఖర్చు తప్ప మరేమీ లేదు. బోర్డు పెట్టె కూడా లోతుగా ఉండాలి, లేకపోతే మాడ్యూలు, వైర్లు కుక్కి కుక్కి పెట్టవలసి వస్తుంది, వేడి బయటికి పోదు.

ఫ్యాన్ల సంగతి కూడా చెప్పాలి. పాత ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, బ్రష్‌లు లేని మోటారుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఒక్క ఫ్యానుకు నెలకు పదహారు యూనిట్లు మిగులుతాయి. అదే సమయంలో, ఇంట్లో ఇరవై స్మార్ట్ స్విచ్చులుంటే ఒక్కొక్కటి అర వాటు చొప్పున ఇరవై నాలుగు గంటలూ తాగుతూనే ఉంటుంది. నెలకు ఏడు యూనిట్లు అక్కడ పోతాయి. ఆటోమేషన్ పెట్టినంత మాత్రాన బిల్లు తగ్గుతుందని ఎవరైనా అంటే ఈ లెక్క వేసి చూపండి. బీఎల్‌డీసీ ఫ్యానుకు పాత రెగ్యులేటరు మాత్రం తగిలించకూడదు.

తాళాలు, తెరలు, ఇల్లు ఊడ్చే యంత్రాలు చాలానే ఉన్నాయి. అవి చూస్తూ ఎక్కువసేపు నిలబడలేదు.

నేను గంటకు పైగా నిలబడింది నీళ్ళ మోటారు స్టాలు ముందు. పెన్నకు అవతల కోవూరులో మా అమ్మ ఒక్కతే ఉంటుంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి ట్యాంకు నిండిందో లేదో చూడటానికి మెట్లెక్కి దిగడం నాకిష్టం లేక, రెండేళ్ళ కిందట ఒక హెచ్‌పీ బోరు మోటారుకు ఫోనుతో నడిచే రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చు, పెట్టాను. దాని మీద 16 ఆంపియర్లు అని రాసి ఉంది, మోటారు నడిచేటప్పుడు తీసుకునేది ఏడు ఆంపియర్ల లోపే కదా అనుకున్నాను. కాని మోటారు మొదలయ్యే క్షణంలో దానికి ఐదారు రెట్లు లాగుతుంది. నాలుగు నెలలు అలా లాగి లాగి ఒక రాత్రి రిలే లోపలి కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. యాప్‌లో మోటారు ఆగినట్టే కనిపించింది, మోటారు మాత్రం తెల్లవార్లూ తిరిగింది. ట్యాంకు పొర్లి పక్కింటివారి వసారాలోని వడ్ల బస్తాలు తడిసిపోయాయి. పొద్దున్నే నేను వెళ్ళేసరికి అమ్మ కోపగించలేదు గాని ఒక్క మాట అంది: "అబ్బయ్యా, నొక్కితే ఆగాల. ఆగకపోతే అది స్విచ్చు ఎట్టవుద్ది?"

ఆ స్టాలులో పారదర్శకంగా ఉన్న రెండు ప్లాస్టిక్ తొట్లు, ఒకటి సంపు, ఒకటి పై ట్యాంకు, మధ్యలో చిన్న మోటారు పెట్టి చూపిస్తున్నారు. ఇందులో మోటారు కరెంటును ఆటోమేషన్ పరికరం తానుగా మోయదు. అది కాంటాక్టరు అనే పెద్ద స్విచ్చును కదిలించే కాయిలుకు మాత్రమే కరెంటు ఇస్తుంది. మోటారు భారమంతా ఆ కాంటాక్టరు మోస్తుంది. స్టాలు ఆయన్ను అడిగి సంపు తొట్టిలో నీళ్ళు ఖాళీ చేయించాను. నీళ్ళు లేకుండా తిరిగే మోటారు తక్కువ కరెంటు తీసుకుంటుంది. ఆ తగ్గుదలను పసిగట్టి పరికరం పదిహేను సెకన్లలోపే మోటారును ఆపేసింది. పక్కనే ఒక మామూలు మార్పు స్విచ్చు ఉంది. దాన్ని తిప్పితే ఈ తెలివంతా పక్కకు తప్పుకుని, పాత స్టార్టరు పద్ధతిలో మోటారు చేత్తో నడుస్తుంది. నీటిమట్టం తెలుసుకోవడానికి స్టీలు కడ్డీలు వేలాడదీసే రకం, తేలే బుడ్డ రకం రెండూ వారి దగ్గర ఉన్నాయి. మన తీరప్రాంతపు బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ; కడ్డీల మీద తెల్లటి పొర కట్టి కొన్ని నెలలకే తప్పుడు లెక్క చెబుతాయి. నేను బుడ్డ రకమే తీసుకున్నాను.

మాటతో నడిచే పరికరాల దగ్గర మాత్రం నిరాశే ఎదురైంది. నేను చూసినవి ఇంగ్లీషు, హిందీ అర్థం చేసుకున్నాయి. తెలుగులో "హాల్లో లైటెయ్యి" అంటే ఏమీ కదలలేదు. మా అమ్మలాంటివారికి అన్నిటికంటే ఉపయోగపడవలసిన సౌకర్యం ఇదే. మోకాళ్ళ నొప్పితో లేవలేని మనిషికి ఫోను తెర మీద చిన్న బొమ్మను వెదికి నొక్కడం కంటే నోటితో చెప్పడం ఎంతో సులువు. తెలుగు మాట్లాడేవారు ఎనిమిది కోట్లమందికి పైగా ఉన్నారు. స్టాలులోని మేనేజరుకు ఈ మాట గట్టిగానే చెప్పాను, రాసుకోమని కూడా కోరాను.

ఇక ఆడియో. చీకటి గదిలో మెత్తటి కుర్చీలు, గోడలకు దూది పలకలు, కింద మందపాటి తివాచీ పరిచి, నలువైపులా స్పీకర్లు, పైకప్పులో మరో నాలుగు పెట్టి, శబ్దం చుట్టూ, పైనుంచి కూడా వచ్చేటట్టు చేసే డాల్బీ అట్మాస్ వినిపించారు. ఈ పద్ధతి సినిమా హాళ్ళకు 2012లో, ఇళ్ళకు 2014లో వచ్చింది. సెట్టు మీద 5.1.2 అని రాసి ఉంటే చుట్టూ ఐదు స్పీకర్లు, లోతైన ధ్వనులకు ఒక సబ్‌వూఫర్, పైనుంచి వినిపించేవి రెండు అని అర్థం. వాన, హెలికాప్టరు, ఉరుములు వినిపించారు. అవి ఎవరికైనా బాగానే ఉంటాయి. నేను బాలు పాట ఒకటి పెట్టమన్నాను. నెల్లూరులో పెరిగిన మనిషి గొంతు. చిన్నప్పటినుంచి వింటున్నాం కాబట్టి అందులో ఏ మార్పు జరిగినా మా చెవికి వెంటనే తెలుస్తుంది. లక్ష దాటిన, టీవీ కింద పెట్టే ఒక పొడవాటి సౌండ్‌బార్‌లో ఆ గొంతు సన్నగా, ముక్కుతో పాడినట్టు వినిపించింది. దానిలో సగం ధర పలికే, ఎడమ, కుడి, మధ్య స్పీకర్లు విడివిడిగా ఉన్న మరో సెట్టులో ఊపిరి తీసుకోవడం కూడా స్పష్టంగా వినిపించింది. సినిమాల్లో మాటలు చాలావరకు మధ్య స్పీకరులోంచే వస్తాయి. డబ్బు ముందు అక్కడ పెట్టాలని నేను నమ్ముతాను.

ఆ గదిలో విన్నది మన హాల్లో రాదు. మన హాల్లో కింద నున్నటి టైల్సు, చుట్టూ సున్నం గోడలు, పెద్ద అద్దాల కిటికీలు. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు తరువాత గలగలమని ప్రతిధ్వని వినిపిస్తే, స్పీకర్లు కొనేముందు బరువైన కర్టెన్లు, ఒక తివాచీ కొనడం మంచిది. లోతైన ధ్వనులకు అవి చాలవు. 40 హెర్ట్జ్ ధ్వని ఒక్క అల పొడవు దాదాపు 28 అడుగులు. పలచటి దూది పలకలు దాన్ని ఆపలేవు. సోఫాను వెనక గోడకు ఆనించకుండా రెండు మూడు అడుగులు ముందుకు జరిపితే, సబ్‌వూఫరును మూలనుంచి కొద్దిగా కదిపితే ఆ లోతైన ధ్వనుల గుమ్మనే మోత చాలావరకు తగ్గుతుంది. పైకి గురిపెట్టి కప్పుకు తగిలి కిందికి వచ్చేటట్టు చేసే స్పీకర్లకు చదునైన స్లాబు కావాలి. మూలాపేట, సంతపేటల్లోని పాత ఇళ్ళలో దూలాలు, వాసాలున్న కప్పు కింద అవి పనిచేయవు, శబ్దం చెల్లాచెదురవుతుంది.

టీవీకి సౌండ్‌బార్ కలిపేటప్పుడు టీవీ శబ్దాన్ని బయటికి పంపే, ఈఆర్క్ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రంలోనే వైరు పెట్టాలి. చాలా టీవీలలో అది ఒక్కటే ఉంటుంది. గోడలో హెచ్‌డీఎంఐ వైరును పూడ్చిపెట్టవద్దు. అంగుళం పైపు వేసి, లోపల ఒక నైలాన్ తాడు వదిలేస్తే, రేపు వైరు చెడిపోయినా, కొత్త రకం వచ్చినా గోడ పగలగొట్టకుండా లాగి మార్చుకోవచ్చు. స్పీకరు వైర్లకు వేరే పైపు ఉండాలి. కరెంటు వైర్లతో కలిపి లాగితే సన్నటి గుయ్యిమనే శబ్దం వస్తుంది.

పోయిన ఆదివారం కోవూరు వెళ్ళాను. పాత రిలే తీసేసి, కాంటాక్టరు, బుడ్డ, మార్పు స్విచ్చు బిగించేసరికి మధ్యాహ్నమైంది. ట్యాంకు నిండగానే కాంటాక్టరు టక్కుమని వదిలింది, మోటారు ఆగింది. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, మార్పు స్విచ్చును తానే చేతి వైపుకు తిప్పి, మోటారు వేసింది. పైపులో నీళ్ళ చప్పుడు విని, ఆపింది. మళ్ళీ వేసి, మళ్ళీ ఆపింది. తరువాత స్విచ్చును ఆటో వైపుకు తిప్పి, అన్నం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.