ఫారం 19 నుంచి ఊదారంగు స్కెచ్ పెన్ను దాకా: టీచర్ల ఎమ్మెల్సీ ఓటు, నా అనుభవం

2025 ఫిబ్రవరి 27న ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలో నేను ఓటేశాను. ఆ ఓటు కోసం పని మొదలైంది మాత్రం ఐదు నెలల ముందు, 2024లో ఓటర్ల నమోదుకు నోటీసు పడ్డ రోజున. మధ్యలో ఏ కాగితం ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది మన ఉపాధ్యాయ సంఘం సభ్యుల కోసం రాసి పెడుతున్నాను. వచ్చేసారి మన మండలంలో ఒక్క పేరు కూడా జారిపోకూడదు.

అందరూ తప్పుగా అనుకునేది ఒకటుంది. మామూలు ఓటరు జాబితాలో పేరుంది కదా, 2019లో ఇదే ఎన్నికలో ఓటేశాం కదా, ఇప్పుడూ ఉంటుందిలే అని. ఉండదు. ఉపాధ్యాయ నియోజకవర్గం జాబితాను ప్రతి ఎన్నికకూ కొత్తగా, ఖాళీ పుస్తకంతో మొదలుపెడతారు. ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నా సరే, ఈసారి ఫారం ఇవ్వకపోతే పేరు లేనట్టే. ఇంకో పొరపాటు మా బడిలోనే జరిగింది. 2023 మార్చి పట్టభద్రుల ఎన్నిక కోసం ఇచ్చిన ఫారాన్ని గుర్తు పెట్టుకుని ఇద్దరు టీచర్లు 'మేం ఇచ్చేశాం' అన్నారు. అది ఫారం 18. డిగ్రీ ఉన్నవాళ్లది. టీచర్లది ఫారం 19. జాబితాలు వేరు, ఎన్నికలు వేరు. అర్హత ఉంటే రెండింటిలోనూ ఉండొచ్చు, కానీ ఒకటి ఇంకోదానికి చెల్లదు.

అర్హత లెక్క ఇలా ఉంటుంది. అర్హత తేదీ 2024 నవంబరు 1. అక్కణ్ణించి ఆరేళ్లు వెనక్కి వెళ్లాలి, అంటే 2018 నవంబరు 1 దాకా. ఆ ఆరేళ్లలో అంతా కలిపి మూడేళ్లు, హైస్కూలు స్థాయికి తగ్గని సంస్థలో పాఠం చెప్పి ఉండాలి. మూడేళ్లూ వరసగా ఉండక్కర్లేదు. ఒకే బడి కానక్కర్లేదు. రాష్ట్రంలో ఎక్కడ పనిచేసినా లెక్కలోకి వస్తుంది. జూనియర్ కాలేజీ, డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ వాళ్లదీ ఇదే జాబితా. రిటైరైన మాస్టార్లు కూడా ఆ ఆరేళ్ల కిటికీలో మూడేళ్లు పూర్తయి ఉంటే అర్హులే. మాకు తెలిసిన రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు 'మాకెక్కడ ఉంటుందమ్మా' అని ఊరుకున్నారు. లెక్కేసి చూపించాకే ఫారం నింపారు.

ప్రాథమిక పాఠశాలలో పనిచేసే ఎస్జీటీలకు (సెకండరీ గ్రేడ్ టీచర్లకు) మాత్రం ఈ ఓటు లేదు. రాజ్యాంగం 171వ అధికరణంలోనే సెకండరీ స్థాయికి తగ్గని సంస్థ అని ఉంది కాబట్టి ఏ ఆఫీసు మెట్లెక్కినా పని జరగదు. అఆలు దిద్దించే టీచరుకు టీచర్ల ప్రతినిధిని ఎన్నుకునే హక్కు లేకపోవడం నాకు ఎప్పటికీ బాధే. సంఘాలు దీన్ని వదలకుండా అడుగుతూనే ఉండాలి. అయితే చట్టం చూసేది బడి స్థాయిని, కేడర్‌ని కాదు. హైస్కూల్లో పనిచేస్తున్న ఎస్జీటీ 'నేను ఎస్జీటీని కదా' అని వెనక్కి తగ్గనక్కర్లేదు.

ఇక ఏ ఆఫీసులో ఇవ్వాలి? నేనుండేది గాజువాకలో. పనిచేసేది సబ్బవరం వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో, అది అనకాపల్లి జిల్లా. నియోజకవర్గం పేరు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం అనే ఉన్నా, హద్దులు పాత ఉమ్మడి జిల్లాలవి. అంటే పార్వతీపురం మన్యం, అనకాపల్లి, అల్లూరి జిల్లాలో పాడేరు, అరకు వైపు కూడా ఇందులోకే వస్తాయి. కాబట్టి ఓటు ఉందా లేదా అన్నదాంట్లో ఇబ్బంది లేదు. కానీ ఫారం వెళ్లాల్సింది బడి ఉన్న మండలానికి కాదు, ఇల్లున్న మండలానికి. మా స్టాఫ్‌లో పెందుర్తి, పెదగంట్యాడ, గాజువాక, సబ్బవరం చిరునామాలున్నాయి. ఒకే స్టాఫ్‌రూములో కూర్చునేవాళ్లం నాలుగు ఆఫీసులకు వెళ్లాం, పోలింగ్ రోజున నాలుగు కేంద్రాల్లో నిలబడ్డాం.

ఎక్కువ రోజులు పట్టింది హెడ్మాస్టరు ఇచ్చే సర్టిఫికెట్ దగ్గర. ఫారంలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి చిరునామా, వయసు, ఓటరు కార్డు నంబరు ఇవన్నీ పది నిమిషాల పని. పాస్‌పోర్టు సైజు ఫొటో అంటించి, చిరునామాకు ఆధార్ నకలు జత చేస్తే ఆ భాగం అయిపోతుంది. బోధనా అనుభవం గళ్లు నింపేటప్పుడు నాకు అసలు విషయం తెలిసింది. నేను ఇప్పటి బడికి వచ్చింది 2023 జూన్ బదిలీల్లో. 2024 నవంబరు 1కి ఇక్కడ నా బోధన ఏడాదీ ఐదు నెలలే. మా హెచ్‌ఎం మేడం సంతకం ఒక్కటే పెడితే మూడేళ్లు చూపించలేను. పాత బడి నుంచి ఇంకో సర్టిఫికెట్ కావాలి.

పాత బడికి వెళ్లేసరికి నేనున్నప్పటి హెడ్మాస్టరు రిటైరయ్యారు. కొత్తగా వచ్చినవారు 'మీరు ఇక్కడ పనిచేసినట్టు నాకెలా తెలుస్తుంది' అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. తన సంతకం కింద పోయే కాగితం కదా. సర్టిఫికెట్ బడి రికార్డును బట్టి ఇచ్చేదే తప్ప మనిషి జ్ఞాపకాన్ని బట్టి ఇచ్చేది కాదు. రెండోసారి వెళ్లినప్పుడు నా సర్వీసు రిజిస్టరు (ఎస్ఆర్)లో ఆ బడి ఎంట్రీ ఉన్న పేజీ నకలు, చేరిన ఉత్తర్వు, రిలీవింగ్ ఆర్డరు పట్టుకెళ్లాను. హాజరు పట్టీతో సరిచూసి పావుగంటలో ఇచ్చారు. మొదటిరోజే అవి తీసుకెళ్లి ఉంటే ఒక సెలవు మిగిలేది.

ఆ సర్టిఫికెట్‌లో చూసుకోవాల్సినవి: చేరిన తేదీ, రిలీవైన తేదీ రోజుతో సహా ఉండాలి. '2017 నుంచి 2023 వరకు' అని సంవత్సరాలు మాత్రమే రాస్తే మూడేళ్లు నిండాయా అని మళ్లీ అడుగుతారు. మాలో ఒకరిది ఇలాగే వెనక్కి వచ్చింది. 'పనిచేశారు' అని కాదు, 'బోధించారు' అని ఉండాలి. హెడ్మాస్టరు సంతకం, పేరు, హోదా, బడి ముద్ర, తేదీ. ముద్ర సంతకాన్ని పూర్తిగా కప్పేయకుండా పక్కగా వేయించుకోండి, నకలు తీస్తే సంతకం నల్లటి మచ్చలా కనపడుతుంది.

ఫారాలు ఇచ్చే గడువు నవంబరు 6. దసరా సెలవులు, దీపావళి అందులోనే పోయాయి. మా సంఘం మండల శాఖ మంచి ఉద్దేశంతోనే ఒక పని చేసింది. బడుల చుట్టూ తిరిగి ఫారాలన్నీ పోగేసి ఒకే కట్టగా తహసీల్దార్ ఆఫీసుకు తీసుకెళ్లింది. తీసుకోలేదు. నిబంధన అది. సంఘమైనా పార్టీ అయినా గంపగుత్తగా తెస్తే తీసుకోరు. ఎవరి ఫారం వాళ్లివ్వాలి. మినహాయింపు రెండు చోట్ల ఉంది. ఒకే ఇంట్లో ఉండే కుటుంబ సభ్యులవి ఒకరు ఇవ్వొచ్చు. హెడ్మాస్టరు తన బడిలో అర్హులందరి ఫారాలను కలిపి పంపొచ్చు. ఆ రెండోది మనకు పెద్ద వెసులుబాటు. కట్ట విప్పి, బడులవారీగా వేరుచేసి, ప్రతి బడిలోనూ మళ్లీ ఇంటి చిరునామా మండలాన్ని బట్టి విడగొట్టి, కవరింగ్ లెటర్‌తో హెచ్‌ఎంల ద్వారా పంపాం. లెటర్‌కు జాబితా జత చేసి దాని రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాం. తర్వాత ఆ ముద్ర ఉన్న జాబితానే మాకు ఆధారమైంది.

నా ఫారం నేనే ఇచ్చాను. ఒరిజినల్స్ చూశారు, నకళ్లు ఉంచుకున్నారు. ఫారం కింది రసీదు చింపి ఇస్తారు. అడిగి మరీ తీసుకోండి.

నవంబరు 23న డ్రాఫ్ట్ జాబితా వచ్చింది. చాలామంది ఫారం ఇచ్చాక ఇక చూడరు. అసలు చూడాల్సింది ఇప్పుడే. డిసెంబరు 9 దాకా అభ్యంతరాలకు, కొత్తగా చేరడానికి అవకాశం ఉంది. పేరే లేకపోతే మళ్లీ ఫారం 19, తప్పులుంటే ఫారం 8, అర్హత లేనివారి పేరు ఉంటే ఫారం 7. నా ఇంటి నంబరు తప్పు పడింది, ఫారం 8తో సరిచేశారు. హెచ్‌ఎంల ద్వారా పంపినవాటిలో మూడు పేర్లు కనపడలేదు. ముద్ర వేసిన జాబితా చూపిస్తే వెతికారు. మూడేళ్ల సర్టిఫికెట్ జతలేదని పక్కన పెట్టినవి అవి. మళ్లీ పూర్తిగా ఇచ్చాం, చేరాయి. తుది జాబితా డిసెంబరు 30న వచ్చింది. నామినేషన్ల గడువు దాటితే ఆ ఎన్నికకు ఇక చేర్చరు. ఈసారి ఆ గడువు ఫిబ్రవరి 10.

పోలింగ్ ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకే. మామూలు ఎన్నికల్లా ఆరు దాకా ఉంటుందని మధ్యాహ్నం నిద్రపోవద్దు. ఓటరు కార్డు పట్టుకెళ్లాను. జాబితాలో పార్టు, వరస నంబరు ముందురోజే చూసి రాసుకున్నాను.

ఈవీఎం లేదు. చేతికి బ్యాలెట్ పేపరు, ఊదారంగు స్కెచ్ పెన్ను ఇస్తారు. పేపరు మీద అభ్యర్థుల పేర్లు ఫొటోలతో ఒకదాని కింద ఒకటి, ఎదురుగా ఖాళీ గడి. పార్టీ గుర్తులు ఉండవు. మనం వేసే గుర్తు అంకె. మొదట ఇష్టమైనవారి గడిలో 1. తర్వాత ఇష్టాన్ని బట్టి 2, 3. ఒకటి తప్పనిసరి, మిగతావి మన ఇష్టం.

ఓటు ఎలా చెల్లకుండా పోతుందో మాత్రం నిదానంగా చదవండి. టీచర్లు వేసిన ఓట్లు చెల్లని కట్టలో పడటం నాకు కంట్లో నలుసులా ఉంటుంది. టిక్కు కొడితే చెల్లదు. 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. 1 ఎవరికీ ఇవ్వకుండా 2, 3 ఇస్తే చెల్లదు. ఇద్దరికి 1 ఇస్తే చెల్లదు. ఒకే పేరు ఎదురుగా 1తోపాటు ఇంకో అంకె రాసినా చెల్లదు. అంకె రెండు గడుల మధ్య గీత మీద పడి ఎవరికో తేలకపోతే చెల్లదు. జేబులో సొంత పెన్ను తీసి రాస్తే, అది ఊదా రంగే అయినా చెల్లదు. సంతకం, పొడి అక్షరాలు, ఎవరు వేశారో తెలిసే ఏ గుర్తయినా చెల్లదు. రోజంతా కాపీలు దిద్ది టిక్కు కొట్టే చేతికి గడి కనపడగానే టిక్కు వచ్చేస్తుంది, అందుకే పెన్ను పట్టుకున్నాక ఒక్క క్షణం ఆగండి. అంకెలు 1, 2 అని గానీ, రోమన్‌లో I, II అని గానీ, తెలుగులో ౧, ౨ అని గానీ రాయొచ్చు. నేను 1 అనే రాశాను. తల మీద కొక్కెం పెట్టకుండా నిలువుగా గీశాను, ఏడులా కనపడకూడదని. స్కెచ్ ఇంకు కాస్త ఆరాక మడిచాను, లేకపోతే తడి మరక ఇంకో పేరు మీద పడుతుంది.

2 దగ్గర తప్పు చేస్తే ఓటు మొత్తం పోదు. 1 చెల్లుతుంది. 1, 2 రాసి 3 వదిలేసి 4 రాస్తే రెండు వరకే లెక్క, ఆ తర్వాత ఆ పేపరు పక్కకు పోతుంది.

ఆ రెండో ప్రాధాన్యం ఎంత విలువైందో మార్చి 3న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీలో జరిగిన లెక్కింపులో తేలింది. గెలవడానికి కావాల్సిన కోటా చెల్లిన ఓట్లలో సగం, దానికి ఒకటి కలిపి. వెయ్యి చెల్లితే 501. మొదటి ప్రాధాన్యంలో ఎవరికీ అది రాకపోతే అందరికన్నా తక్కువ వచ్చినవారిని తీసేసి, వారి పేపర్లను ఒక్కొక్కటిగా చూసి రెండో ప్రాధాన్యం ఎవరికుంటే వారికి కలుపుతారు. కోటా దాటేవరకో, ఒక్కరే మిగిలేవరకో ఇదే పని. ఈసారి మొదటి రౌండులో కోటా ఎవరికీ రాలేదు. గాదె శ్రీనివాసులునాయుడు గెలిచింది రెండో ప్రాధాన్య ఓట్లు కలిశాకే. 1 మాత్రమే రాసి వచ్చినవారి పేపరు, వారి అభ్యర్థి తప్పుకోగానే ఎవరికీ చెందకుండా ఆగిపోయింది.

పదవీకాలం ఆరేళ్లు. అంటే వచ్చే ఎన్నిక 2031లో, అర్హత తేదీ 2030 నవంబరు 1 అవుతుంది. ఆరేళ్ల లెక్క 2024 నవంబరు 1 నుంచే మొదలైపోయింది. 2025లో చాలామంది స్కూల్ అసిస్టెంట్లు (హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే టీచర్లు) మోడల్ ప్రైమరీ స్కూళ్లకు హెడ్మాస్టర్లుగా వెళ్లారు. ఆ బడి సెకండరీ స్థాయి కాదు. 2025 జూన్‌లో వెళ్లినవారికి ఈ ఆరేళ్లలో హైస్కూలు బోధన ఏడెనిమిది నెలలే చేతిలో ఉంది. మిగతా రెండేళ్ల పైచిలుకు 2030 నవంబరులోగా హైస్కూల్లో నిండితేనే ఓటు. 2025లో బదిలీ అయిన ప్రతి ఒక్కరూ పాత బడి హెడ్మాస్టరు దగ్గర తేదీలతో బోధనా సర్టిఫికెట్ ఇప్పుడే రెండు ప్రతులు తీసుకుని, ఒకటి ఎస్ఆర్ నకలుతో, ఒకటి రిలీవింగ్ ఆర్డరుతో కలిపి పెట్టుకోండి. మీ కాగితాల మీద సంతకం పెట్టాల్సిన హెచ్‌ఎం ఇంకా అక్కడే ఉండగానే.