చిన్న లీగు సాకర్ క్లబ్బుకు మన డబ్బు చేరే దారులు

అమెరికాలో మేజర్ లీగ్ సాకర్‌కు (ఎంఎల్‌ఎస్) దిగువన ఆడే క్లబ్బులు టీవీ డబ్బులతో బతకవు. మ్యాచ్‌లు ఈఎస్‌పీఎన్‌లోనో సీబీఎస్ ఛానళ్లలోనో వస్తాయి గానీ, వాటితో ఏడాది ఖర్చు గడవదు. జీతాలు, విమాన టికెట్లు, హోటళ్లు, మైదానం అద్దె, అన్నిటికీ ప్రధానంగా నాలుగే దారులు: టికెట్లు, గ్రౌండులో అమ్మే తిండీ పానీయాలు, జెర్సీలు, ఊళ్లోని స్పాన్సర్లు. ఆ నాలుగోది కూడా మొదటిదాన్ని చూసుకునే వస్తుంది. గ్యాలరీ ఖాళీగా ఉంటే తన బోర్డు పెట్టడానికి ఏ కార్ల డీలరూ ముందుకు రాడు. కాబట్టి అభిమానం ఉంటే చాలదు. డబ్బు ఎప్పుడు, ఎవరి చేతికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి.

ముందుగా మెట్లు. యూఎస్ సాకర్ ఫెడరేషన్ లెక్కలో ఎంఎల్‌ఎస్ మొదటి డివిజన్, యూఎస్‌ఎల్ (యునైటెడ్ సాకర్ లీగ్) ఛాంపియన్‌షిప్ రెండోది, యూఎస్‌ఎల్ లీగ్ వన్, ఎంఎల్‌ఎస్ నెక్స్ట్ ప్రో మూడోవి. రెండో డివిజన్ క్లబ్బుకు ప్రధాన యజమాని ఆస్తి కనీసం 2 కోట్ల డాలర్లు ఉండాలి, స్టేడియంలో 5,000 మంది పట్టాలి. మూడో డివిజన్‌కు 1 కోటి డాలర్లు, 1,000 సీట్లు చాలు. గెలిస్తే పైకి, ఓడితే కిందికి అనే పద్ధతి ఇన్నేళ్లూ ఇక్కడి ప్రొఫెషనల్ లీగుల్లో లేదు. 2025 మార్చిలో యూఎస్‌ఎల్ యజమానులు దానికి ఓటేశారు. నెక్స్ట్ ప్రోలో ఎక్కువ భాగం ఎంఎల్‌ఎస్ క్లబ్బుల రిజర్వు జట్లే. చటనూగా ఎఫ్‌సీ లాంటి స్వతంత్ర క్లబ్బులు కొన్నే. మీ ఊళ్లో ఉన్నది ఏ రకమో చూసుకోండి. రిజర్వు జట్టు మీ టికెట్ లేకపోయినా నడుస్తుంది, స్వతంత్ర క్లబ్బు నడవదు.

మన తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన చాలా చోట్ల ఇలాంటి క్లబ్బు కారులో వెళ్లి వచ్చేంత దూరంలోనే ఉంది. మిషిగన్‌లోని నోవై, ట్రాయ్ వాళ్లకు డెట్రాయిట్ సిటీ, అరిజోనాలోని చాండ్లర్ వాళ్లకు ఫీనిక్స్ రైజింగ్, కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ వాళ్లకు శాక్రమెంటో రిపబ్లిక్, కనెక్టికట్‌లో హార్ట్‌ఫర్డ్ అథ్లెటిక్, వర్జీనియాలో 1993 నుంచీ ఆడుతున్న రిచ్‌మండ్ కిక్కర్స్. 2025 యూఎస్‌ఎల్ ఛాంపియన్‌షిప్ టైటిల్ గెలిచిన పిట్స్‌బర్గ్ రివర్‌హౌండ్స్ సరేసరి.

ఇక అసలు సంగతి: స్టేడియం ఎవరిది? క్లబ్బు గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. బేస్‌బాల్ జట్టు స్టేడియంలో అద్దెకుండే క్లబ్బుకు తేదీలు మిగిలినవే దక్కుతాయి. బంతి విసిరే పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ తీసేసి, దాని మీద పచ్చిక పలకలు పరిచి ఆడాలి. ఆ పలకలు కుదురుకోక బంతి వంకరగా లేస్తుంది, ఆటగాళ్ల చీలమండలు మెలిపడతాయి. పార్కింగ్, బీరు, తిండి స్టాళ్ల రాబడి ఎవరికెంత అన్నది లీజులో రాసినదాన్ని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల క్లబ్బుకు మిగిలేది టికెట్ డబ్బు మాత్రమే. అలాంటి చోట తిండికి పెట్టే డబ్బుతో స్కార్ఫో జెర్సీయో క్లబ్బు సొంత దుకాణంలో కొనడం మేలు. తిండి రాబడిలో క్లబ్బుకు వాటా ఉంటే ఇంట్లో తినకుండా వెళ్లి అక్కడే తినండి. టికెట్ ఆఫీసులో మర్యాదగా అడిగితే ఈ సంగతి చాలామంది చెబుతారు.

స్టేడియం కుదరక మూతపడిన క్లబ్బులు ఒకటీ రెండూ కావు. బేస్‌బాల్ పార్కులో ఆడిన మెంఫిస్ 901 సొంత మైదానం ప్రయత్నం ఫలించక 2024తో మూతపడింది. రోచెస్టర్ రైనోస్ 1999లో నాలుగు ఎంఎల్‌ఎస్ జట్లను ఓడించి, వేర్వేరు డివిజన్ల జట్లు కలిసి ఆడే యూఎస్ ఓపెన్ కప్ గెలిచింది. ఎంఎల్‌ఎస్ మొదలయ్యాక ఆ లీగుకు బయటి జట్టు ఆ కప్పు గెలవడం అదొక్కసారే. ఆ క్లబ్బు 2017 తర్వాత ఆట ఆపేసి, 2022లో కొత్త పేరుతో వచ్చి, మరుసటి ఏడే పోయింది. లూయివిల్ సిటీ మాత్రం బేస్‌బాల్ మైదానం వదిలి 2020లో సొంత స్టేడియంలోకి మారి నిలదొక్కుకుంది. డెట్రాయిట్ సిటీ అభిమానులైతే హామ్‌ట్రామిక్‌లోని పాత కీవర్త్ స్టేడియం బాగుచేయడానికి తలా కొంత వేసి 7 లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు. 2016 నుంచి జట్టు అక్కడ ఆడింది. అమెరికా సాకర్‌లో అభిమానులు చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే.

సీజన్ టికెట్ విషయంలో వేళ ముఖ్యం. ఛాంపియన్‌షిప్ సీజన్ మార్చిలో మొదలై నవంబరుకు అయిపోతుంది. ఆ తర్వాత ఫిబ్రవరి దాకా గేటు రాబడి సున్నా, ఖర్చులు మాత్రం ఆగవు. అప్పుడు కట్టిన సీజన్ టికెట్ డబ్బు ఏప్రిల్‌లో కట్టిన దానికన్నా ఎక్కువ పని చేస్తుంది. వాయిదాల్లో కట్టే వీలు చాలా క్లబ్బులు ఇస్తాయి. కొనేముందు ఓపెన్ కప్ మ్యాచ్‌లు, ప్లేఆఫ్‌లు అందులో ఉన్నాయా అని అడగండి, చాలాసార్లు ఉండవు. రీసేల్ సైట్లలో కొంటే మీరు అదనంగా ఇచ్చింది క్లబ్బుకు చేరదు. వెళ్లలేని రోజు టికెట్‌ను ఫోన్‌లోంచి ఎవరికైనా బదిలీ చేయండి. ఖాళీ సీటు ఏమీ కొనదు, అరవదు.

ఓపెన్ కప్ మ్యాచ్‌లకు తప్పకుండా వెళ్లాలి. ఎక్కువగా మంగళ, బుధవారాల్లో పడతాయి, ప్రచారానికి వ్యవధి ఉండదు, అందుకే జనం పలచగా ఉంటారు. కానీ పెద్ద ఎంఎల్‌ఎస్ క్లబ్బులతో తలపడే అవకాశం అక్కడే. 2022లో శాక్రమెంటో రిపబ్లిక్ శాన్ హోసే, ఎల్‌ఏ గెలాక్సీ, స్పోర్టింగ్ కాన్సస్ సిటీలను వరసగా ఇంటికి పంపి ఫైనల్ దాకా వెళ్లింది. అదే ఏడు లీగ్ వన్ జట్టు యూనియన్ ఒమాహా చికాగో ఫైర్‌నూ మిన్నెసోటానూ ఓడించింది.

గోల్ వెనక సపోర్టర్ల సెక్షన్‌లో సాధారణంగా సీటు నంబరు ఉండదు, మ్యాచ్ అంతా నిలబడే చూస్తారు. చిన్నపిల్లలతో వెళితే దాని పక్క బ్లాకు తీసుకోండి. శబ్దం అందుతుంది, తోపులాట ఉండదు. బ్యాగు పారదర్శకంగా, 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు మించకుండా ఉంటే చాలా గేట్లలో పంపిస్తారు. దక్షిణాది ఊళ్లలో వేసవిలో ఉరుములకు ఆట ఆగుతుంది. చివరి మెరుపు తర్వాత 30 నిమిషాలు ఆగాలి, మధ్యలో మరొకటి మెరిస్తే లెక్క మళ్లీ మొదటికి. ఆ విరామంలో ఇంటికి పోకండి.

పాటలు నడిపించే మనిషి మైదానానికి వీపు పెట్టి జనం వైపు తిరిగి ఉంటాడు. డ్రమ్ములవాళ్లు అతని చేతినే చూడాలి. ఎక్కువగా చెడేది తాళమే: ఉత్సాహం పెరిగేకొద్దీ వేగం పెరిగి, రెండో నిమిషానికి జనం ఊపిరి అందక పాట వదిలేస్తారు. ఒక్క పెద్ద డ్రమ్ము తాళం పట్టుకుని మిగతావి దాన్ని అనుసరిస్తే పాట నిలుస్తుంది. పది కొత్త పాటలకన్నా అందరికీ వచ్చిన నాలుగు చాలు.

టిఫో, అంటే ఆట మొదలవగానే పైకెత్తే పెద్ద బొమ్మ గుడ్డ, మొదటిసారి చేసేవాళ్లు చిన్నగా మొదలుపెట్టాలి. పెయింటర్లు నేల మీద పరిచే 9 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు కాటన్ గుడ్డలు రెండు కుట్టుకుంటే సరిపోతుంది. బొమ్మను ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసి అంచులు గీసుకోండి. గోడలకు వేసే లేటెక్స్ పెయింటులో కొంచెం నీళ్లు కలిపి పలచగా వేయండి. మందంగా వేస్తే మడతల దగ్గర పగులుతుంది, గుడ్డ బరువెక్కి ఎత్తలేరు. పూర్తిగా ఆరకుండా మడిస్తే రంగు రంగుకు అతుక్కుని విప్పేటప్పుడు ఊడొస్తుంది. కనీసం ఒక రోజు ఆరనిచ్చి, మడతల మధ్య ప్లాస్టిక్ షీట్ పెట్టండి. కర్రలకు సన్నని పీవీసీ గొట్టం గాలికి వంగిపోతుంది, లోహపు కడ్డీలను చాలా స్టేడియాలు రానివ్వవు. ఏది ఒప్పుకుంటారో, గుడ్డకు మంట అంటుకోకుండా మందు కొట్టాలో లేదో, బొమ్మ గీయకముందే క్లబ్బును అడగాలి. గేటు దగ్గర ఆగిపోయిన టిఫోలకు కారణం చాలాసార్లు ఇదే.

కొన్ని క్లబ్బులు వాటాలు కూడా అమ్మాయి: చటనూగా 2019లో, డెట్రాయిట్ సిటీ 2020లో. కొనేముందు కాగితాలు చదవండి. ఆ వాటాకు ఓటు ఉందా, తిరిగి అమ్ముకోవచ్చా అన్నది చూసుకోండి. లాభం మీద ఆశ పెట్టుకోకుండా, పోయినా ఫరవాలేదన్నంతే పెట్టాలి.

నగర కౌన్సిల్‌లో స్టేడియం లీజు చర్చకొచ్చిన రోజు వెళ్లడం సీజన్ టికెట్ అంత పని. మాట్లాడేవాళ్లు ముందుగా పేరు రాయించుకోవాలి, సాధారణంగా రెండు మూడు నిమిషాలిస్తారు. మీరు ఏ వార్డులో ఉంటారో మొదటి వాక్యంలోనే చెప్పండి. జట్టు మీద ప్రేమ ఒక్క మాటలో చెప్పి, మిగతా సమయం కౌన్సిల్ పట్టించుకునే వాటికి వాడండి: ఏడాదిలో ఎన్ని రాత్రులు మైదానం వాడకంలో ఉంటుంది, బడిపిల్లలకు ఎన్ని గంటలు దక్కుతుంది, పార్కింగ్ వీధుల్లోకి పొంగకుండా ఏం చేస్తారు. అందరూ ఒకే ఉత్తరం నకలు కొట్టి పంపితే దానికి ఒక్క ఉత్తరం విలువే ఉంటుంది. ఎవరి మాటల్లో వాళ్లు రాసి, ఒక ప్రతి క్లర్కుకు ఇచ్చి రండి.