నాలుగు కంచాలు, ఒకే వంట

మా ఇంట్లో తినేది నలుగురం. మా ఆయనకి సీలియాక్ జబ్బు. గోధుమ, మైదా, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు ఆయన పేగుని దెబ్బతీస్తుంది, అవి ఏ రూపంలోనూ లోపలికి పోకూడదు. బాబుకి పల్లీలు, నువ్వులు ఎలర్జీ. అత్తయ్యగారికి పాలు అరగవు. నాకు ఏదైనా అరుగుతుంది, అందుకే గరిటె నా చేతికి వచ్చిందని మా ఆయన వేళాకోళం.

ఇవన్నీ ఒకేసారి తెలిసినవి కావు. ముందు బయటపడింది బాబు సంగతి. వాడి మూడో ఏట ఒక పుట్టినరోజు ఫంక్షన్లో ఎవరో ముద్దుగా చేతిలో చిక్కీ ముక్క పెట్టారు. మింగీ మింగకముందే పెదాలు ఉబ్బాయి, ఒళ్ళంతా దద్దుర్లు, ఆ వెంటనే వాంతులు. ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేసి ఆ రాత్రి అక్కడే ఉంచారు. తర్వాత ఎలర్జీ డాక్టర్ చేతి మీద వరసగా చుక్కలు వేసి, సూదిమొనతో గుచ్చి చూసే పరీక్ష చేశారు. పల్లీ చుక్క దగ్గర ఎలాగూ ఉబ్బింది. పక్కనే నువ్వుల చుక్క దగ్గరా దోమ కుట్టినట్టు లేచింది. నువ్వులని మేం అనుమానించనే లేదు. ఆ ఉబ్బు ఎంత పెద్దదైతే జబ్బు అంత పెద్దదని కాదు, చిన్నగా ఉందని తేలిగ్గా తీసుకోవద్దని డాక్టర్ అప్పుడే చెప్పారు.

మా ఆయనది నిదానంగా తేలిన వ్యవహారం. ఏళ్ళ తరబడి రక్తం తక్కువ. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా హిమోగ్లోబిన్ కదలదు. కడుపుబ్బరం, నీరసం. గ్యాస్ అన్నారు, టెన్షన్ అన్నారు, బయట తిండి అన్నారు. ఈ జబ్బు ఉత్తరాదితో పోలిస్తే మన దక్షిణాదిలో చాలా తక్కువ కాబట్టి తొందరగా ఎవరికీ తట్టదు. చివరికి ఒక గ్యాస్ట్రో డాక్టర్ టీటీజీ అనే రక్తపరీక్ష రాసి, అది ఎక్కువ రావడంతో ఎండోస్కోపీలో చిన్నపేగు ముక్క తీయించి ఖాయం చేశారు. ఇదే అనుమానం ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. పరీక్షలు అయ్యేదాకా గోధుమ మానకూడదు. మానేసి కొన్నాళ్ళయ్యాక పరీక్ష చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టే కనబడవచ్చు. మా ఆయన చేత డాక్టరే చపాతీలు తినిపించారు, అదేదో శిక్షలాగా. రక్తసంబంధీకులకీ చూడాలంటే బాబుకి, అత్తయ్యగారికి చేయించాం. ఇద్దరికీ లేదు.

అత్తయ్యగారిది అసలు జబ్బే కాదు. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరని అరిగించే ఎంజైమ్ వయసుతో చాలామందికి తగ్గిపోతుంది. గ్లాసుడు పాలు తాగితే కడుపులో గుడగుడ, విరేచనం. గడ్డ పెరుగు కాస్త, మజ్జిగ హాయిగా సరిపోతాయి, ఎందుకంటే తోడుకునేటప్పుడే ఆ చక్కెర కొంత ఖర్చైపోతుంది. నెయ్యిలో అది దాదాపు ఉండదు. పొద్దుటి కాఫీ మాత్రం ఆవిడ వదల్లేదు. లాక్టోజ్‌ని ముందే విడగొట్టిన పాలు అట్టపెట్టెల్లో వస్తున్నాయి, అవి తెస్తాం. కొంచెం తియ్యగా ఉంటాయి, చక్కెర తగ్గించి కలుపుతాను.

వంటింట్లో నేను నేర్చుకున్నదల్లా ఈ మూడింటికీ తేడా ఉందని. బాబుకి రవ్వంత తగిలినా ప్రాణం మీదికి రావచ్చు. మా ఆయనకి ఆ పూట ఏమీ అవ్వకపోవచ్చు, కానీ రోజూ చిటికెడు పడుతున్నా పేగు మానదు. అత్తయ్యగారికి కొలత దాటితేనే ఇబ్బంది. ముగ్గురికీ మూడు గిన్నెలు పెట్టెయ్యమని మా ఆడపడుచు సలహా. నేను ఒప్పుకోలేదు. పప్పు కలిపిన గరిటెతోనే చట్నీ కలిపే చెయ్యి నాది, హడావుడిలో ఏ గరిటె ఎందులోకి పోతుందో ఎవరికి తెలుసు? అందుకని పల్లీలు, నువ్వులు, గోధుమ మా గడప దాటి లోపలికి రావు. పాలు వస్తాయి, కానీ వంటలో కలవవు. ఎవరి కంచంలో వాళ్ళు వేసుకుంటారు. బాబుకి గోధుమ పడుతుంది కాబట్టి చపాతీ కావాలంటే అమ్మమ్మ ఇంట్లో తింటాడు.

డైటీషియన్ మొదటి రోజే ఇంట్లో ఉన్న ప్రతి ప్యాకెట్టూ, డబ్బా ఫోటో తీసుకురమ్మన్నారు. అప్పుడు తెలిసింది గోధుమ ఎన్ని వేషాల్లో ఉందో. బొంబాయి రవ్వ, సేమియా గోధుమే అని అందరికీ తెలుసు. ఇంగువ? మనం వాడే డబ్బా ఇంగువ అచ్చమైన ఇంగువ కాదు, దాన్ని బంకతోనూ పిండితోనూ కలుపుతారు, ఆ పిండి చాలా కంపెనీల్లో మైదానే. డబ్బా వెనక, కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప కనబడని అక్షరాల్లో ఉంటుంది. రసంలో, సాంబారులో, పులిహోరలో, మాగాయలో రోజూ పడేది అదే. ఇప్పుడు బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరుకుతోంది, అదే వాడతాను. పాలలో కలుపుకునే మాల్ట్ పొడుల్లో బార్లీ, సోయా సాస్‌లో గోధుమ. చిరుధాన్యాల పేరు పెద్దగా వేసి పక్కన చిన్నగా గోధుమపిండి కలిపిన బిస్కెట్లకి లెక్కే లేదు.

నువ్వులది ఇంకో తంటా. మన దేశంలో ప్యాకెట్ మీద తప్పనిసరిగా హెచ్చరించాల్సిన ఎలర్జీ పదార్థాల పట్టికలో గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు, పీతల్లాంటివి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలతో పాటు జీడిపప్పు, బాదం లాంటి గింజలు, సోయా, సల్ఫైట్లు ఉన్నాయి. నువ్వులు లేవు. అందుకని కింద ముదురు అక్షరాల్లో ఉండే హెచ్చరికతో సరిపెట్టుకోను, పైన పదార్థాల పట్టిక మొత్తం చదువుతాను. అమెరికాలో 2023 జనవరి నుంచి నువ్వుల్నీ ఆ పట్టికలో చేర్చారు. డల్లాస్‌లో ఉన్న మా మరిది చెప్పేదాకా నాకు తెలియదు, అక్కడ కొన్ని కంపెనీలు మెషిన్లు శుభ్రంగా కడిగే బాధ తప్పించుకోవడానికి బ్రెడ్డులో కావాలనే నువ్వులు కలిపి, ఉన్నాయని రాసేశాయట. చట్టం చేసినంత మాత్రాన మనిషి బుద్ధి మారుతుందా.

పిండిమర దగ్గర ఒక గంట నిలబడితే సగం సంగతి అర్థమవుతుంది. మా వీధి చివర మరలో బియ్యానికి ఒకటి, గోధుమలకి ఒకటి, కారానికి ఒకటి వేరువేరు మెషిన్లే. ఆ అబ్బాయి మంచివాడు, నా జొన్నలు బియ్యం మెషిన్లోనే పోశాడు. పోసి, పిండిని కిందనుంచి ఎత్తడానికి పక్క మెషిన్ దగ్గర గోధుమపిండిలో ఉన్న రేకు తీసుకుని, ఒకసారి గోడకేసి కొట్టి, నా పిండిలో ముంచాడు. మరచుట్టూ గాలిలో ఉన్నదీ గోధుమపిండే. అతన్ని ఏమంటాం? ఇంట్లో పిండి పట్టుకునే చిన్న మెషిన్ కొన్నాం. ఖరీదే, కానీ గ్లూటెన్ లేదని రాసి ఉండే విదేశీ పిండి ప్యాకెట్ల ధర చూశాక అదే నయమనిపించింది. ఆ ప్యాకెట్లు రుచికీ అంతంతమాత్రమే.

మాది రాజమండ్రి. మాకు జొన్నరొట్టె రాదు. కింద వాటాలో ఉండే కర్నూలు ఆవిడ నేర్పారు. తాజాగా పట్టిన పిండి ఉండాలి, నిలవపిండికి జిగి ఉండదు, అంచులు పగులుతాయి. మరిగే నీళ్ళు పోసి గరిటెతో కలిపి, చెయ్యి పట్టేంత వేడి ఉండగానే బాగా మర్దించాలి. నేను చేసేవి ఇప్పటికీ గుండ్రంగా రావు, ఆవిడవి మాత్రం అరచేతి చప్పుడుకే చక్రంలా తిరుగుతాయి.

అసలు గోదావరి వంటకి గోధుమతో పెద్దగా పనే లేదు. పొద్దున్న టిఫిన్లలో ఉప్మా, పూరీ తీసేస్తే ఇంకా ఎన్ని ఉన్నాయి! ఇడ్లీ, పెసరట్టు, దిబ్బరొట్టె, ఆవిరికుడుము, బియ్యపురవ్వతో పెసరపప్పు వేసి చేసే ఉప్పుడుపిండి. మా చిన్నప్పుడు ముసలివాళ్ళ పలహారమని మొహం తిప్పుకున్న ఉప్పుడుపిండి ఇప్పుడు మా ఇంట్లో వారానికి రెండు రోజులు ఉంటుంది. అడుగున మాడిన చెక్క కోసం బాబుకీ నాన్నకీ పోటీ. పల్లీల చట్నీ బదులు కొబ్బరి, అల్లం, పుట్నాల పచ్చళ్ళు. పల్లీల్లాగే శనగ కూడా పప్పుజాతే కాబట్టి, వాడికి పడుతుందని డాక్టర్ దగ్గర చూపించాకే పుట్నాలు మొదలుపెట్టాను. గుత్తివంకాయలో పల్లీలు, నువ్వులు వేసే పద్ధతి వదిలి మా అమ్మ చేసే ధనియాలు, శనగపప్పు, మినప్పప్పు కూరపొడి కూరతాను. ఎవరికీ ఏదో తగ్గిందనిపించదు.

తగ్గిందనిపించేది ఆవకాయలోనే. పప్పునూనె, అంటే నువ్వులనూనె, లేని ఆవకాయ ఆవకాయ కాదని అత్తయ్యగారి తీర్పు. నువ్వులనూనెలో నువ్వుల మాంసకృత్తు మిగిలి ఉంటుంది కాబట్టి కుదరదు. గానుగ నూనెలకి ఇప్పుడు గిరాకీ బాగా ఉంది, కానీ ఒకే గానుగలో పల్లీలూ, నువ్వులూ, కొబ్బరీ ఆడతారు కాబట్టి మాకు గానుగ కొబ్బరినూనె కూడా వద్దు. రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె వేసి కలుపుతున్నాను. ఆవఘాటు బాగానే ఉంటుంది, ఆ కమ్మదనం మాత్రం రాదు, నిజం ఒప్పుకోవాలి. అత్తయ్యగారు కూతురింట్లో తన కోసం పప్పునూనె జాడీ ఒకటి పెట్టించుకున్నారు. ఈమధ్య అక్కడికి రాకపోకలు ఎక్కువయ్యాయి. దేవుడి దీపంలో నువ్వులనూనె మాన్పించాలంటే నేను భయపడ్డాను గానీ, చేతికి అంటిన నూనెతోనే మనవడికి అన్నం కలుపుతారు కదా అని ఆవిడే నెయ్యికి మారారు. మామయ్యగారి తద్దినానికి తిలతర్పణం ఇంట్లో పెట్టుకోకుండా మా ఆయన గోదావరి రేవులో వదిలి, చేతులు కడుక్కుని వస్తారు. పురోహితుడికి ముందే చెప్పాం, ఆయనకి అభ్యంతరం లేదు.

పండగల్లో వినాయకచవితి మాకు సుఖం, ఉండ్రాళ్ళు, కుడుములు అన్నీ బియ్యమే. ఉగాదికి బొబ్బట్ల బదులు పూర్ణాలు, వాటి తోపు బియ్యం, మినప్పప్పే. అరిసెలకి నువ్వులు అద్దం. పరమాన్నం కొబ్బరిపాలతో. తీపి కొనాలంటే కాజా మైదా కాబట్టి వద్దు, ఆత్రేయపురం పూతరేకులు బియ్యమే కానీ డ్రైఫ్రూట్స్ లేనివి అడిగి తీసుకుంటాం. అన్నవరం ప్రసాదం గోధుమనూక కావడమే ఒక లోటు. మా ఆయన కళ్ళకద్దుకుని పొట్లం నా చేతిలో పెడతారు.

వంట కంటే బయటి మనుషులతోనే కష్టం. కావాలని ఎవరూ చేయరు, ప్రేమతోనే. "ఒక్క ముక్కకి ఏమవుతుందమ్మా, మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడున్నాయి" అంటారు. మా ఆయన విషయంలో చిరునవ్వు నవ్వి ఊరుకుంటాను, ఆయనే వద్దనుకుంటారు. బాబు విషయంలో ఊరుకోను. "పిన్నిగారూ, వాడికి ఊపిరాడదు" అని అక్కడే, అందరి ముందూ చెప్పేస్తాను. పొగరనుకున్నా సరే. పెళ్ళిళ్ళకి ఇంట్లో తినే వెళతాం. బఫేలో పల్లీచట్నీలో ఉన్న గరిటె పెరుగులోకి రావడానికి నిమిషం పట్టదు.

ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పల్లీచిక్కీ ఇస్తారు. రక్తం తక్కువున్న పిల్లలకి అంత చవకలో అంత బలమైన తిండి లేదు, నేను దాన్ని తప్పుపట్టను. మా వాడి బడిలో క్లాస్ టీచర్‌కి డాక్టర్ కాగితం, ఒక డబ్బా ఇచ్చాం. అందులో ఎలర్జీ ప్రాణం మీదికి వచ్చినప్పుడు వేసే అడ్రినలిన్ మందు ఆంప్యూల్ (చిన్న గాజుసీసా), సిరంజి. పెన్నులా పొడుచుకునే ఇంజెక్షన్ మన మందుల షాపుల్లో మామూలుగా దొరకదు. వాడి బరువుకి ఎంత ఎక్కించాలో డాక్టర్ సిరంజి మీద గీత పెట్టి ఇచ్చారు, బరువు పెరిగినప్పుడల్లా గీత మారుతుంది. తొడ బయటివైపు కండలోకి గుచ్చి, ఆ వెంటనే ఆసుపత్రికి. ఎలర్జీ మాత్ర దురదకి పనికొస్తుంది, ఊపిరి అందనప్పుడు దాన్ని నమ్ముకోకూడదు. టీచర్ మొదట భయపడ్డారు. నారింజపండు మీద నీళ్ళతో గుచ్చి చూపించాక, ఆవిడే ఇంకో ఇద్దరు టీచర్లకి నేర్పారు.

మా ఆయన టీటీజీ నెమ్మదిగా దిగుతోంది, హిమోగ్లోబిన్ ఐరన్ మాత్రలు లేకుండానే నిలబడుతోంది. వేసవి సెలవుల్లో బాబుకి నువ్వుల రక్తపరీక్ష మళ్ళీ ఉంది. అంకె బాగా తగ్గితే ఆసుపత్రిలోనే, డాక్టర్ ఎదుట, ఒక్కో గింజ పెంచుకుంటూ తినిపించి చూస్తామన్నారు. పల్లీల సంగతి ఇప్పట్లో తేలేది కాదని ముందే చెప్పారు. కొంతమంది పిల్లలకే అది పోతుందట. ఈ లోపు నేను పైతరగతి టీచర్‌కి ఇవ్వాల్సిన కాగితం కొత్తగా రాయించాలి.