అడుగున ఒక్కటే

మావాడి పదో పుట్టినరోజుకి అక్వేరియం కొన్నాం. మొదట కుక్క అడిగాడు. కుదరదంటే పిల్లి అన్నాడు. అదీ వద్దంటే చివరికి చేపల దగ్గర బేరం తెగింది. మేముండేది టెక్సాస్‌లో, డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. నేను పుట్టి పెరిగింది కైకలూరు దగ్గర ఒక ఊళ్లో. మా నాన్నకి అక్కడ చేపల చెరువులున్నాయి. "చేపల రైతు కూతురివి, నీకు తెలియనిదేముంది?" అంటూ మా ఆయన బాధ్యతంతా నా మీదకు తోసేశాడు. నిజానికి చేపల గురించి నాకు తెలిసింది పులుసు దాకానే. చిన్నప్పుడు చెరువు గట్టు మీదకి వస్తానంటే "ఎండలో నీకేం పని, పోయి చదువుకో" అనేవారు నాన్న. చదువుకున్నాను. ఆ చదువు ఇంత దూరం తీసుకొచ్చి పడేసింది.

ఇరవై తొమ్మిది గ్యాలన్ల తొట్టి, అంటే దాదాపు 110 లీటర్లు. నీళ్లు పోసి, ఫిల్టర్ పెట్టి, అందులో మంచి బ్యాక్టీరియా పెరిగేదాకా నెల రోజులు ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చున్నాం. ఆ తర్వాత ఆరు కోరిడోరాస్‌లు తెచ్చాం. ఇసుకలో మూతి పెట్టి వెతుక్కుంటూ తిరిగే, బుల్లి మీసాల చేపలవి. వాటి జోలికి ఎవరూ రాకపోతే అవీ ఎవరి జోలికీ పోవు.

మావాడి మనసు మాత్రం షాపులో ఇంకోదాని మీద పడింది. ఒళ్లంతా కాటుక నలుపు, తోక ఒక్కటే పండుమిరపకాయ ఎరుపు. పేరు రెడ్ టెయిల్ షార్క్. పేరులోనే షార్క్, సొరచేపతో దానికి ఏ చుట్టరికమూ లేదు. వీపు మీది రెక్క అలా నిక్కబొడుచుకుని ఉంటుందని ఆ పేరు పెట్టారట. అప్పటికి రెండంగుళాల పిల్ల. తెచ్చి వదిలాం. వారం రోజులు ఒక రాయి చాటున నక్కి ఉంది.

ఆ వారంలోనే నేను తప్పు చేశాను. "పాపం, ఒక్కటే బిక్కుబిక్కుమంటూ ఉంది. తోడు ఇంకోదాన్ని తెద్దాం" అన్నాను. "దానికి ఒక్కటే ఉండటం ఇష్టం అమ్మా" అన్నాడు వాడు. "ఒంటరిగా ఉండటం ఎవరికిరా ఇష్టం?" అన్నాను.

ఆ మాట చేప గురించే అన్నానో లేదో ఇప్పటికీ చెప్పలేను. సరిగ్గా ఆ నెలలోనే వాడు గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టాడు. తలుపు మీద 'తట్టి లోపలికి రండి' అని ఇంగ్లీషులో కాగితం అంటించాడు. నేను పెరిగిన ఇంట్లో ఐదుగురం ఒకే గదిలో పడుకునేవాళ్లం. ఎవరైనా తలుపేసుకుంటే ఒంట్లో బాగాలేదనో, అలిగారనో అర్థం. పదేళ్ల పిల్లాడు ఏ కారణమూ లేకుండా తలుపేసుకుంటే ఏమనుకోవాలో నాకు తెలియలేదు. ముందు నాకే టెన్షన్ పట్టుకుంది.

షాపుకెళ్తే ఆ రోజు రెడ్ టెయిల్ లేదు. దాని బదులు రెయిన్‌బో షార్క్ చూపించారు. అదే ఆకారం, అదే పొడవు, రెక్కలన్నీ ఎరుపు. "రెండూ కాస్త దూకుడు రకాలే, పర్లేదు" అన్నాడు అక్కడి కుర్రాడు. సంతోషంగా కవరు పట్టుకుని ఇంటికొచ్చాను. నాలుగో రోజుకి కొత్తదాని తోక పీలికలైంది. పాతది దాన్ని తరిమి తరిమి హీటర్ వెనక మూలకు నెట్టేసింది. మేత వేసినా బయటికి రానిచ్చేది కాదు. పదకొండో రోజు పొద్దున కొత్తది పైకి తేలి ఉంది. ఇక నల్లచేప కోరిడోరాస్‌ల మీద పడింది. మావాడు ఏడ్చాడు. "నేను ముందే చెప్పాను కదా" అని మాత్రం అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకి నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దున ఏడు. నాన్న గట్టు మీంచి అప్పుడే వచ్చి టీ తాగుతున్నారు. నేను చెప్పడం మొదలుపెట్టానో లేదో మధ్యలోనే అడ్డుకున్నారు. "అదంతా సరేనమ్మా. దాని నోరు ఎటుంది?"

నాకు అర్థం కాలేదు. మావాడికి అర్థమైంది. ఫోన్ లాక్కుని గాజుకి ఆనించాడు. నోరు కిందికుంది, పక్కన చిన్న మీసాలు. "మరి ఆ మీసాల బుడతలవో?" వాటివీ కిందికే. "అదీ సంగతి. అడుగున మేసేదాని నెత్తిన ఇంకో అడుగు మేత చేపని కూర్చోబెట్టారు మీరు. ఉన్న నేల ఎంత? మంచమంత కూడా లేదు."

అప్పుడు చెప్పారు, నలభై ఏళ్లుగా ఆయన చేస్తున్న పని ఏమిటో. చెరువులో నీళ్లు ఒకటే అయినా చేపలకి అవి మూడంతస్తులట. బొచ్చెకి నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీటిలో తేలేది తింటుంది. శీలావతి నడిమి నీటిలో మేస్తుంది. ఎర్రమోసు నోరు కిందికి, బురదలో వెతుక్కుంటుంది. ఎవరి అంతస్తు వాళ్లది కాబట్టి ఒకే చెరువులో మూడూ పెరుగుతాయి. "మరి అన్నీ వేస్తున్నావా తాతయ్యా?" అని అడిగాడు మావాడు. ఎర్రమోసుని ఆయన ఎప్పుడో మానేశారట. వల లాగితే బురదలోకి దూరిపోయి సగం చేతికి రాదని. ఇవేవీ నేను ఎప్పుడూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. నా ఫీజులన్నీ కట్టింది ఆ మూడంతస్తుల నీళ్లే.

తాతయ్య సూత్రం పెద్ద చెరువులకి బాగానే ఉంది కానీ తొట్టిలో అదొక్కటే చాలదని మావాడు వాదన పెట్టుకున్నాడు. చెరువులో పేచీ మేత కోసం. రెడ్ టెయిల్‌కి పేచీ జాగా కోసం. కడుపు నిండా తిన్నా తన చోటికి వచ్చినవాణ్ని తరుముతుంది. తన పోలికలున్నదాన్ని చూస్తే దానికి మరీ మంట. అందుకే రెయిన్‌బో షార్క్‌తో దాన్ని కలపనే కూడదు. సొంత జాతిదాన్నీ ఓర్చుకోదు. గప్పీలు, ఏంజెల్ ఫిష్‌ల వంటి పొడుగు రెక్కల నిదానస్తులు దాని నుంచి తప్పించుకోలేవు. కావాల్సింది పైనా మధ్యలోనూ చురుగ్గా తిరిగేవి, వెంటపడితే చటుక్కున తప్పుకునేవి. వాడు ఇదంతా సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో చెబుతుంటే నేను తర్జుమా చేశాను. కాసేపటికి నా అవసరం లేకుండాపోయింది. 'టెరిటరీ' అన్న మాటకి నేను వెతుక్కుంటుంటే, "గట్టు తగాదా అంటున్నాడు వాడు, నాకర్థమైందిలే" అన్నారు నాన్న.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు కాల్. నాతో మాట్లాడేది రెండు నిమిషాలు, వాడితో అరగంట. ఒకరోజు మావాడు పెద్ద వార్త మోసుకొచ్చాడు. థాయ్‌లాండ్‌లో 1931లో స్మిత్ అనే శాస్త్రవేత్త ఈ చేపకి మొదట పెట్టిన పేరు లేబియో బైకలర్. మన శీలావతి శాస్త్రీయ నామం లేబియో రోహిటా. తర్వాత రెడ్ టెయిల్‌ని వేరే ప్రజాతిలోకి మార్చినా ఇద్దరిదీ ఒకే కుటుంబం. 1996లో ఇది నదుల్లో అంతరించిపోయిందని ప్రకటించారు. 2011లో కొద్దిపాటి చేపలు మళ్లీ కనిపించాయి. ఇప్పుడు లోకంలోని షాపుల్లో ఉన్నవన్నీ ఫారాల్లో హార్మోన్ ఇంజెక్షన్లతో గుడ్లు పెట్టించినవే. "మన హేచరీల్లో చేసేదీ అదేరా!" అని నాన్న కుర్చీలోంచి లేచారు. ఒడిశాలో 1957 జులై 10న హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు ఆ ఇంజెక్షన్‌తో మన చేపల చేత తొలిసారి గుడ్లు పెట్టించారట. అంతకు ముందు పిల్లల కోసం ఏటి వరదల మీద ఆధారపడేవాళ్లు. జులై 10ని ఇప్పుడు చేప రైతుల దినంగా జరుపుతారు. ఆ తేదీ మా ఇంటి క్యాలెండర్‌లోనూ ఎక్కింది, వాడి చేతిరాతతో.

ఈ చుట్టరికం వల్ల నాకొచ్చిన చిక్కు వేరు. ఆదివారం శీలావతి పులుసు పెడితే వాడు ముట్టలేదు. "కజిన్ అమ్మా" అన్నాడు. నాన్నకి చెబితే చాలాసేపు నవ్వి, "అయితే కొర్రమీను వండు, అది వీళ్ల కులం కాదు" అన్నారు. పోనీ తొట్టిలోనే కొర్రమీనుని పెట్టుకోమని ఇంకో సలహా ఇచ్చారు. ఎర్రటి పిల్లల్ని గుంపుగా వెంటేసుకుని కాపలా తిరుగుతుందని, చూడముచ్చటగా ఉంటుందని. ఇక్కడ అది నేరం నాన్నా అని చెప్పాల్సి వచ్చింది. 2002లో మేరీల్యాండ్‌లో ఒక చెరువులో కొర్రమీను జాతి చేప దొరికి పెద్ద గొడవైంది. అప్పటినుంచి ఆ కుటుంబం చేపలు బతికున్నవి అమెరికాకి తేవడం నిషేధం. తెలంగాణ రాష్ట్ర చేపకి ఇక్కడ వీసా లేదన్నమాట. మంచుపెట్టెలో అయితే ఇండియన్ స్టోర్‌కి దర్జాగా వస్తుంది.

నాన్న చెప్పినవన్నీ మేం చేయలేదు. నీళ్లు కాస్త ఆకుపచ్చగా ఉంటేనే మంచిదని, గుప్పెడు పేడ వేస్తే మేత దానంతటదే పుడుతుందని ఆయన నమ్మకం. చెరువుకి అది నిజం, మా హాలుకి కాదు. బకెట్లో నీళ్లు పట్టి ఒక రోజు ఉంచితే మందు వాసన పోతుందన్నారు. మావాడు ఒప్పుకోలేదు. మా వైపు నీళ్లలో కలిపేది క్లోరమైన్, క్లోరిన్‌లా గాలికి పోదు, విరుగుడు మందు వేయాల్సిందే. "నా కన్నా వీడే నయం" అని నాన్న ఆ రోజు మా నానమ్మని పిలిచి మరీ చెప్పారు. మావాడికి ఇక్కడ బడిలో వచ్చిన సర్టిఫికెట్లకి కూడా అంత మురిసిపోలేదు.

చివరికి నాలుగడుగుల పాత తొట్టి ఒకటి కొన్నాం. యాభై అయిదు గ్యాలన్లు, రెండు వందల లీటర్ల పైమాటే. కోరిడోరాస్‌లకి చిన్న తొట్టి వదిలేశాం. కొత్తదాంట్లో పైనీటికి ఎనిమిది జీబ్రా డేనియోలు, నడిమి నీటికి పది టైగర్ బార్బ్‌లు. బార్బ్‌లు కొరికే రకమే. గుంపు పెద్దదైతే తమలో తాము కొట్టుకుంటూ పక్కవాళ్లని వదిలేస్తాయి. ఒక కొస నుంచి ఇంకో కొస కనబడకుండా రాళ్లూ మొక్కలూ అడ్డం పెట్టాడు. నాన్న మాట మీద ఒక చిల్లు కుండ బోర్లించాడు. నల్లచేపని మూడు వారాలు ఆగి అన్నిటికన్నా ఆఖర్న వదిలాడు, ముందే వస్తే తొట్టంతా తనదే అనుకుంటుందని. అది నేరుగా కుండలోకి దూరింది. బార్బ్ ఏదైనా కిందికి దిగితే ఒక్కసారి ఉరికి వచ్చి, తరిమి, మళ్లీ లోపలికి పోతుంది. అంతకు మించి గొడవ లేదు. అడుగున అదొక్కటే.

మొన్న ఒకరింట్లో భోజనాల దగ్గర ఈ కథ చెబితే ఒకావిడ "అచ్చం మన పిల్లల్లాగే కదండీ, ఎటూ కాకుండా" అన్నారు. నాకా పోలిక నచ్చలేదు. చేప చేపే. మా పిల్లాడు ఎటూ కాకుండా ఏం లేడు, హాల్లో తొట్టి ముందు కింద కూర్చుని ఉన్నాడు.

నిన్న కాల్ చేసినప్పుడు వాడు గదిలో ఉన్నాడు, తలుపు వేసి ఉంది. తట్టాను. "వస్తున్నా" అన్నాడు, రావడానికి అయిదు నిమిషాలు పట్టింది. నాన్న అవతల ఓపిగ్గా ఉన్నారు. ఫోన్ అందుకుని గాజు దగ్గర పెట్టాడు వాడు. డేనియోలు పరుగెడుతున్నాయి, నల్లది కనబడటం లేదు.

"ఏడిరా మనవాడు?"

"కుండలో ఉన్నాడు తాతయ్యా. పిలవనా? మేత వేస్తే వస్తాడు."

"వద్దులే, ఉండనీ. నువ్వు తిన్నావా?"

"తిన్నా."

"ఏం కూర?"

వాడు నా వైపు చూశాడు. "శీలావతి" అన్నాడు మెల్లగా, చేపలకి వినబడకుండా.