సల్కహాలో చిటికి కట్టు

గ్వాటెమాలాలోని చిచికాస్తెనాంగో సంతలో నా మనసు పాడైంది. గురువారం, ఆదివారం మాత్రమే సంత అంటే, ఆంటిగ్వా నుంచి టూరిస్టు వ్యానుకి పాతిక డాలర్లు పోసి మరీ వెళ్ళాను. సాంతో తోమాస్ చర్చి మెట్ల నిండా పూలమ్మే ఆడవాళ్ళు, ధూపం పొగ. అక్కడి మూలవాసులైన మాయా ప్రజల క్యాలెండర్లో 18 నెలలు కాబట్టి ఆ మెట్లూ 18 అంటారు. అంతా బాగానే ఉంది. కానీ ఒక కొట్లో చేనేత అని చూపించిన వీపిల్‌ని, అంటే వాళ్ళ ఆడవాళ్ళు తొడుక్కునే రవికెని, తిరగేస్తే వెనక తెల్లగా ఉంది. ఉత్త ప్రింటు.

మాది పోచంపల్లి. తిరగేసి చూడకుండా బట్ట కొనొద్దని నాన్న చిన్నప్పటి నుంచీ చెప్పేవాడు. చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట పోగుల్ని గుత్తిగా బిగించి కట్టి, రంగు అద్దిన నూలుతో నేస్తే బట్టకి రెండు వైపులా ఒకటే బొమ్మ. మన దగ్గరా మిల్లు ప్రింటుని పోచంపల్లి అని అమ్మేస్తుంటే కడుపు మండిపోతుంది. ఇంత దూరం వచ్చినా అదే మోసం చూడాల్సి వచ్చింది. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

పొద్దున్నే షేలా బస్సెక్కాను. కెత్సల్తెనాంగో నగరాన్ని అక్కడ షేలా అంటారు. ఈసారి వ్యాను వద్దనుకున్నాను. అక్కడి బస్సులన్నీ అమెరికాలో పిల్లల్ని బడికి తిప్పి తిప్పి రిటైరైనవే. ఇద్దరు పిల్లలు పట్టే సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళం. క్లీనర్ తలుపు పట్టుకుని వేలాడుతూ "షేలా, షేలా, షేలా" అని అరుస్తుంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో నిలబడి ఎల్బీ నగర్ కేకలు వింటున్నట్టే ఉంది.

ఈ ట్రిప్ సంగతి చెప్పినప్పుడు డాలస్‌లో మిత్రులు "మాయన్లా? వాళ్ళెప్పుడో అంతరించిపోయారుగా!" అన్నారు. తికాల్ లాంటి నగరాలు వెయ్యేళ్ళ కిందటే ఖాళీ అయిన మాట నిజం. మనుషులు మాత్రం ఎక్కడికీ పోలేదు. గ్వాటెమాలాలో ఇవాళ్టికీ 22 మాయా భాషలున్నాయి. బస్సులో నా పక్కనున్నావిడ ఒళ్ళో పాపతో కిచె భాషలో కబుర్లు చెబుతోంది.

నా చూపు ఆవిడ నడుముకి చుట్టుకున్న కోర్తే, అంటే పావడా మీదే ఆగిపోయింది. ముదురు నీలం మీద తెల్లటి చిన్న చిన్న బొమ్మలు. వాటి అంచులు గీత గీసినట్టు లేవు, సిరా కాస్త పాకినట్టున్నాయి. కట్టు కిందికి రంగు కొద్దిగా దిగితే వచ్చే ఆ చెదురు నాకు తెలుసు. అమ్మ చీరల్లో చూస్తూ పెరిగాను. ఫోన్ తీసి, నాన్న చిటికి కడుతున్న ఫోటో చూపించాను. ఆవిడ ఫోటోని వేలితో పెద్దది చేసి చూసి, తన కోర్తే మీద వేలు పెట్టి "హాస్పే" అంది. చిటికి కట్టుకి అక్కడి పేరది. తర్వాత కిటికీలోంచి ముందుకి చూపించి "సల్కహా" అంది.

ఆవిడ వీపిల్ మాత్రం వేరే పనితనం. ఏ ఊరి వీపిల్ ఆ ఊరిదే, చూస్తే ఊరు తెలిసిపోతుంది. 1980ల మొదట్లో సైన్యం మాయా ఊళ్ళని తగలబెడుతున్న రోజుల్లో, తప్పించుకు పారిపోయిన ఎంతోమంది ఆడవాళ్ళు ఇందుకే వీపిల్ మానేసి మామూలు బట్టలు కట్టుకున్నారు. 1960 నుంచి 1996 దాకా సాగిన ఆ అంతర్యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారు, మాయమయ్యారు. ఎవరో గుర్తుపట్టగలిగిన బాధితుల్లో 83 శాతం మాయా ప్రజలేనని 1999 నాటి సత్యశోధన కమిషన్ తేల్చింది. అన్ని చావుల తర్వాత కూడా ఆవిడ తన ఊరి రవికెని ఒంటి మీద వేసుకుని, పాపని నిద్రపుచ్చుతూ నా పక్కన కూర్చుంది. గొంతు పట్టేసింది నాకు.

క్వాత్రో కమీనోస్ కూడలి దాటాక సల్కహాలో ఆవిడతో పాటే దిగిపోయాను. షేలా టికెట్టు పోతే పోయింది. ఒక సందు చూపించి వెళ్తుంటే, అప్పుడే ఆవిడ దగ్గర నేర్చుకున్న "మల్త్యోష్" అన్నాను. కిచెలో థాంక్స్.

సందు పొడవునా పడుగు, అంటే నిలువు పోగులు, సాగదీసి కట్టి ఉంది. ఒక పెద్దాయన దాని పక్కన వంగి, కొన్ని పోగులు కలిపి పట్టుకుని, సన్నటి దారంతో గట్టిగా చుట్టి ముడి బిగిస్తున్నాడు. మా ఇంట్లో సైకిల్ ట్యూబు ముక్కలు కట్టేవాళ్ళు. మిగతాదంతా అదే, వేలి విసురుతో సహా. లోపల కాలితో తొక్కే మగ్గాలు. అవి స్పెయిన్ వాళ్ళతో వచ్చినవి. నడుముకి కట్టుకుని నేసే మగ్గం అంతకంటే చాలా పాతది, అది ఆడవాళ్ళ చేతుల్లో ఉంది.

ఒక కోర్తే ముక్క చేతికిచ్చాడు. నేను అలవాటుగా తిరగేశాను. ఆయన కట్టడం ఆపేసి నా వంక చూశాడు. నా స్పానిష్ అంతంత మాత్రం. అందుకని ఫోటో చూపించి, "పాపా" అని నాన్న మీద వేలు పెట్టాను. ముక్కాలి పీట ఒకటి నా వైపు జరిపాడు.

అక్కడ పొద్దున పదైతే మనకి రాత్రి తొమ్మిదిన్నర. నాన్న ఇంకా పడుకోలేదు. వీడియో కాల్‌లో ఆ పడుగు చూసి, ఏ దేశమనీ అడగలేదు, ఎంతన్నాడనీ అడగలేదు.

"తిప్పు, వెనక వైపు చూపించు" అన్నాడు.

తిప్పి చూపించాను. కాసేపు చూసి, "నీలం బాగా పట్టింది. ఎన్ని పోగులకి ఒక ముడి వేస్తున్నాడో అడుగు" అన్నాడు. నేను స్పానిష్ మాటల కోసం తడుముకుంటుంటే, పెద్దాయన ఫోన్ తీసుకుని పడుగు దగ్గరికి తీసుకెళ్ళి, ఒక కట్టు విప్పి పోగులు ఒక్కొక్కటే లెక్కపెట్టి చూపించడం మొదలుపెట్టాడు.